గోవాలో పోకర్ వీకెండ్: రాబోయే వాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

పోకర్ టోర్నమెంట్ ఆడటానికి గోవా బయల్దేరిన ప్రతిసారీ మా బ్యాచ్‌లో ఇద్దరు ముగ్గురు కొత్తవాళ్ళు చేరతారు, అందరూ అవే ప్రశ్నలు వేస్తారు. టైప్ చేసీ చేసీ వేళ్ళు నొప్పి పుట్టి అన్నీ ఒకచోట రాసేశాను. చదివాక కూడా డౌట్ ఉంటే అడగండి, చదవకుండా మాత్రం అడక్కండి.

ఇది పేకాటే కదా? మన దగ్గర పోలీసులు పట్టుకుంటారు, గోవాలో ఎలా ఆడనిస్తున్నారు?

పేకాటే, కాదని బుకాయించడం ఎందుకు. ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి, 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టంతో దేశమంతా మూతపడ్డాయి. అది నైపుణ్యం ఆటా, అదృష్టం ఆటా అన్న తేడా కూడా ఆ చట్టం చూడదు. గోవా సంగతి వేరు. అక్కడి 1976 నాటి జూద నిరోధక చట్టానికి తర్వాత సవరణలు చేసి, పెద్ద హోటళ్ళలోనూ నీళ్ళ మీద ఓడల్లోనూ లైసెన్సుతో కాసినోలు నడుపుకోనిచ్చారు. పణజిలో మాండవి నది మీద వరసగా లైట్లు వేసుకుని నిలబడి ఉండేవి అవే. పోకర్ టోర్నమెంట్లు ఎక్కువగా ఈ కాసినోల పోకర్ రూముల్లోనే జరుగుతాయి.

చాలామందికి తెలియని ముచ్చట ఒకటి. రమ్మీ ప్రధానంగా నైపుణ్యం ఆట అని సుప్రీంకోర్టు చెప్పింది మన కేసులోనే. 1960లలో సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బు మీద పోలీసులు దాడి చేశారు, అది ఢిల్లీ దాకా వెళ్ళింది. ముక్కలు గుర్తు పెట్టుకోవాలి, ఏది పట్టాలో ఏది పారెయ్యాలో లెక్క ఉండాలి కాబట్టి రమ్మీలో నైపుణ్యం ఉందన్న కోర్టు, అదే తీర్పులో మూడు ముక్కలాట ఉత్త అదృష్టమేనని తేల్చింది. పోకర్ మాత్రం ఈ రెంటి మధ్యా ఎక్కడో వేలాడుతోంది, ఒక్కో హైకోర్టు ఒక్కో మాట అంది.

అందుకని ప్రాక్టీసు పేరుతో హైదరాబాద్‌లో ఎవరి ఫ్లాట్‌లోనో డబ్బు పెట్టి ఆడదామని ప్లాన్లు వేయకండి. ఉత్త చిప్స్‌తో ఆడుకోండి. జిల్లా పేజీలో ‘పేకాట రాయుళ్ల అరెస్టు’ అని ఫోటో పడితే ఆ తర్వాత ఏ బంధువుల పెళ్ళికీ వెళ్ళలేరు.

నాకు రమ్మీ, మూడు ముక్కలు వచ్చు. పోకర్ రాదు. రావచ్చా?

రావచ్చు, కానీ టోర్నమెంట్‌లో కూర్చునే ముందు ఇంట్లో నాలుగు వారాంతాలైనా ఆడి రండి. టోర్నమెంట్లలో ఎక్కువగా ఆడేది నో లిమిట్ హోల్డెమ్ అనే రకం పోకర్. మీకు రెండు ముక్కలు విడిగా, మధ్యలో అందరికీ కలిపి ఐదు ముక్కలు. మొదట మూడు తెరుస్తారు, తర్వాత ఒకటి, ఆఖర్న ఇంకొకటి. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే వాళ్ళ గెలుపు. నియమాలు ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాయి, ఓపిక రావడానికే టైం పడుతుంది.

రమ్మీ ఆడినవాళ్ళు త్వరగా అలవాటు పడతారని నా అభిప్రాయం, ఎందుకంటే ముక్కలు బాగోకపోతే మొదట్లోనే డ్రాప్ అయితే ఇరవై, మధ్యలో అయితే నలభై అన్న లెక్క వాళ్ళ ఒంట్లో ఉంటుంది. మూడు ముక్కలు ఆడి వచ్చినవాళ్ళకే కష్టం. వాళ్ళకి బ్లైండ్ ఆడటం, బెదిరించడం, ‘చూద్దాంలే’ అని ప్రతిదానికీ డబ్బులు వేయడం అలవాటు. పోకర్‌లో వచ్చిన ప్రతి పది చేతుల్లో (చేయి, హ్యాండ్ అంటే ఒకసారి పంచిన ముక్కలు, వాటితో ఆడే ఆట) ఏడెనిమిది ఫోల్డ్ చేసేయాలి, అంటే వదిలేయాలి. గంటసేపు ముక్కలు పారేస్తూ కూర్చోవడం బోరు కొడుతుందంటే మీకు క్యారమ్స్ బెటర్.

టోర్నమెంట్ అంటే ఏమిటి? పక్కన క్యాష్ టేబుల్ కూడా ఉంటుందట, తేడా ఏంటి?

టోర్నమెంట్‌లో ఒకసారి ఎంట్రీ కడతారు, అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. ఆ చిప్స్‌కి బయట విలువ లేదు, మధ్యలో లేచి మార్చుకుంటానంటే కుదరదు. చిప్స్ అయిపోతే బస్ట్, ఇంటికి. ఆఖరి దాకా మిగిలినవాళ్ళకి పెద్ద బహుమతి. క్యాష్ టేబుల్‌లో చిప్స్ అంటే అసలు డబ్బే, ఎప్పుడైనా కూర్చోవచ్చు, ఎప్పుడైనా లేవచ్చు, ఎంతైనా పోవచ్చు. ఆ ‘ఎంతైనా’ అన్న మాట వల్లే మా బ్యాచ్ టోర్నమెంట్లకి వెళ్తుంది. ఎంత పోతుందో బయల్దేరే ముందే తెలుసు కాబట్టి మిగతా వీకెండ్ టెన్షన్ లేకుండా గడుస్తుంది.

మరి ఆట ఎప్పటికైనా తెమలాలి కదా, దానికే బ్లైండ్లు, అంటే ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా వేయాల్సిన చిన్న, పెద్ద పందేలు, పెంచుతూ పోతారు. ఉదాహరణకి 25,000 చిప్స్‌తో మొదలైంది, బ్లైండ్లు 100, 200 అనుకోండి. మీ దగ్గర 125 పెద్ద బ్లైండ్లున్నాయి, దర్జాగా ఆడొచ్చు. అరగంటకో నలభై నిమిషాలకో లెవల్ మారుతుంది. కొన్ని గంటలు పోయాక బ్లైండ్లు 500, 1,000 అవుతాయి. మీరు ఒక్క చిప్ కూడా పోగొట్టుకోకపోయినా ఇప్పుడు మీ దగ్గరున్నది 25 పెద్ద బ్లైండ్లే. అంటే ఊరికే కూర్చున్నా కరిగిపోతారు, ఎక్కడో ఒకచోట తెగించాల్సిందే. కొత్తవాళ్ళు ఇది పట్టించుకోకుండా ‘నేను జాగ్రత్తగా ఆడుతున్నా’ అనుకుంటూ ఎండిపోయి, ఆఖర్న ఏదో పిచ్చి చేతితో ఆల్ ఇన్ (ఉన్న చిప్స్ అన్నీ ఒకేసారి పెట్టేయడం) వెళ్ళి పోతారు.

మొత్తం ఖర్చెంత అవుతుంది?

ఎంట్రీలు కొన్ని వేల నుంచి లక్షల దాకా ఉంటాయి, మీ జేబుని బట్టి చిన్న ఈవెంట్ చూసుకోండి. కట్టిన దాంట్లో కొంత నిర్వాహకుల ఫీజుగా పోతుంది, మిగిలిందే ప్రైజ్ పూల్‌కి. రూము షేర్ చేసుకుంటే చవక. సికింద్రాబాద్ నుంచి వాస్కోకి నేరుగా రైలుంది, మడ్గావ్‌లో దిగితే చాలు, కాకపోతే రోజూ ఉండదు. వర్షాకాలంలో వస్తే దారిలో దూధ్‌సాగర్ జలపాతం పక్క నుంచే వెళ్తుంది, ఆ ఒక్కదానికే ఫ్లైట్ మానేయొచ్చు. ఫ్లైట్ అయితే ఎయిర్‌పోర్టు ఏదో చూసి బుక్ చేయండి. దబోలిమ్, మోపా రెండూ గోవానే కానీ ఒకటి ఇటు, ఒకటి అటు. రెండు గ్రూపులు రెండు చోట్ల దిగితే టాక్సీలకే ఒక ఎంట్రీ డబ్బులు పోతాయి.

అసలు ఖర్చు రీఎంట్రీ దగ్గరుంటుంది. చాలా టోర్నమెంట్లలో మొదటి కొన్ని లెవల్స్ లోపు బస్ట్ అయితే మళ్ళీ డబ్బు కట్టి కొత్తగా కూర్చోవచ్చు. ఓడిపోయిన కోపంలో, కౌంటర్ పది అడుగుల దూరంలో ఉండగా, ఎవరూ బుద్ధిగా ఆలోచించరు. అందుకే మా రూలు ఇది: ఒక ఎంట్రీ, మహా అయితే ఒక రీఎంట్రీ, ఆ రెంటికీ డబ్బు ఇంటి దగ్గరే పక్కన పెట్టాలి. రెండోది వాడకపోతే ఆదివారం పొద్దున చేపల థాలీ మీ ఖర్చే.

గెలిచే ఛాన్స్ ఎంత? నిజం చెప్పండి.

సాధారణంగా వచ్చినవాళ్ళలో పది నుంచి పదిహేను శాతం మందికే డబ్బు వస్తుంది. ఆ లిస్టులో కింద ఉన్నవాళ్ళకి ఎంట్రీకి రెట్టింపో, అంతకంటే కాస్త తక్కువో. లెక్క కళ్ళకి కట్టాలంటే, వంద మంది ఆడితే ఎనభై ఐదు మందికి పైగా ఖాళీ చేతులతో లేస్తారు, అందులో బాగా ఆడినవాళ్ళూ ఉంటారు.

ఎందుకంటే, మీ చేతిలో రెండు ఆసులు, అవతలివాడి చేతిలో రెండు రాజులు, ఇద్దరూ ఆల్ ఇన్ అనుకోండి. ఇంతకంటే మంచి పరిస్థితి ఉండదు, అయినా ఐదు సార్లకి దాదాపు ఒకసారి వాడే గెలుస్తాడు. టోర్నమెంట్ చివరిదాకా వెళ్ళాలంటే ఇలాంటివి నాలుగైనా దాటాలి. ప్రతిసారీ ఎనభై శాతం ఛాన్స్ ఉన్నా, వరసగా నాలుగు గెలిచే ఛాన్స్ నలభై ఒక్క శాతమే. ఇక ఆసూ రాజూ పట్టుకుని పదుల జత మీదకి వెళ్ళడం అంటారా, అందులో మీరే కాస్త వెనక. కాబట్టి ఒక వీకెండ్‌లో గెలిచినవాడు మొనగాడూ కాదు, ఓడినవాడు వెధవా కాదు.

మనమంతా ఒకే టేబుల్‌లో కూర్చోవచ్చా?

కుదరదు. సీట్లు డ్రా తీసి ఇస్తారు. జనం తగ్గేకొద్దీ టేబుళ్ళు ఎత్తేసి మిమ్మల్ని ఇంకోచోటికి పంపిస్తారు. అదే మంచిది కూడా. శనివారం మధ్యాహ్నం మీ పక్కన ఇండోర్ బట్టల వ్యాపారి, ఎదురుగా పుణె డెంటిస్టు, డీలర్ పక్కన కాలేజీ అయిపోయి ఏడాది కూడా కాని ఒక కుర్రాడు తలకి హుడీ కప్పుకుని కూర్చుంటారు. మూడు గంటలు ఒకే బల్ల చుట్టూ ఉంటే ఎవరు ఏ కూర తింటారో దాకా తెలిసిపోతుంది. నా ఫోన్‌లో నాకు ఇంటిపేర్లు తెలియని స్నేహితులు చాలామందే ఉన్నారు, అందరూ ఇలా కలిసినవాళ్ళే.

అనుకోకుండా మనవాళ్ళు ఇద్దరు ఒకే టేబుల్‌కి వస్తే మాత్రం జాగ్రత్త. హ్యాండ్ నడుస్తుండగా ఆ రూములో ఒప్పుకున్న భాషలోనే మాట్లాడాలి, ఎక్కువగా అది ఇంగ్లీషే. ‘ఏం పట్టావ్ బావా?’, ‘వదిలేయ్‌రా, వీడి దగ్గర ఏదో ఉంది’ అని మీరు మామూలుగానే అని ఉండొచ్చు, కానీ అర్థం కాని ఏడుగురికీ అది కుమ్మక్కులాగే వినిపిస్తుంది. ఫ్లోర్‌ని, అంటే ఆట చూసుకునే అధికారిని, పిలుస్తారు, మొదటిసారికి హెచ్చరికతో వదిలితే అదృష్టం, లేదంటే కొన్ని హ్యాండ్లు బయట నిలబెడతారు. స్నేహితుడు కదా అని మెత్తగా ఆడటం కూడా తప్పే. వాడి మీద బెట్ వేయాల్సిన చోట వేయండి, రాత్రి డిన్నర్ దగ్గర తిట్టించుకోండి.

మొదటిరోజు కొత్తవాళ్ళు చేసే పొరపాట్లు చెప్పండి, పరువు పోకుండా చూసుకుంటా.

పరువు ఎలాగూ కొంచెం పోతుంది, పర్లేదు. ఎక్కువగా చూసేవి ఇవి.

ఒంటి చిప్ గొడవ అన్నిటికంటే పెద్దది. బ్లైండ్లు 100, 200 ఉన్నాయి, మీరు 500కి రైజ్ చేద్దామని (పందెం పెంచుదామని) నోరు మెదపకుండా ఒక 500 చిప్ ముందుకి వేశారు. అది రైజ్ కాదు, కాల్, అంటే ఉన్న పందేనికి సరిపడా వేసినట్టే. నోటితో ‘రైజ్’ అని ముందు చెప్పి తర్వాత వేయాలి. డీలర్ మీకు 300 వెనక్కి తోసినప్పుడు వాదించకండి, అన్ని చోట్లా ఇదే పద్ధతి. 2001లో టోర్నమెంట్ డైరెక్టర్లు ఒక సంఘం పెట్టుకుని రాసుకున్న నియమాలే ఇప్పుడు దాదాపు ప్రపంచమంతా పాటిస్తున్నారు.

రెండోది, చిప్స్‌ని విడతలుగా తోయడం. కొన్ని ముందుకి పెట్టి, ఎదుటివాడి మొహం చూసి, మళ్ళీ చెయ్యి వెనక్కి తెచ్చి ఇంకొన్ని పెడితే చెల్లదు. సినిమాల్లో ‘నీ వెయ్యికి ఇంకో పదివేలు’ అంటారు చూడండి, అది ఇక్కడ వెయ్యి దగ్గరే ఆగిపోతుంది.

మీ వంతు రాకుండా ఫోల్డ్ చేయకండి, మీ తర్వాతవాళ్ళకి అది ఫ్రీగా సమాచారం ఇచ్చినట్టు. ముక్కల మీద ఒక చిప్ బరువుగా పెట్టుకోండి, లేకపోతే డీలర్ పొరపాటున లాగేసుకుంటే తిరిగి రావు. గెలిచాననుకుని ముక్కలు మూసి తోసేయకండి, పాట్ (మధ్యలో చేరిన పందెం మొత్తం) మీ ముందుకి వచ్చేదాకా పట్టుకునే ఉండండి. హ్యాండ్‌లో ఉన్నప్పుడు ఫోన్ ముట్టుకోకూడదు, ఇంట్లోవాళ్ళకి ముందే చెప్పి రండి.

ఆలోచించుకోవడానికి టైం తీసుకోవచ్చు, ఎవరూ తొందరపెట్టకూడదు. కానీ ప్రతి చెత్త చేతికీ రెండు నిమిషాలు నుదురు రుద్దుకుంటే ఎవరో ఒకరు క్లాక్ అడుగుతారు, అప్పుడు సెకన్లు లెక్కపెడతారు.

‘బబుల్’ అంటే ఏంటి? అందరూ లేచి నిలబడి కేకలేస్తుంటారట.

పదిహేను మందికి డబ్బు అంటే, పదహారు మంది మిగిలిన సమయం అది. తర్వాత బస్ట్ అయ్యేవాడు రెండు రోజులు కూర్చుని ఉత్త చేతులతో వెళ్తాడు. అప్పుడు టేబుళ్ళన్నీ ఒక్కో హ్యాండ్ ఆడి ఆగుతాయి, పక్క టేబుల్ కూడా అయ్యేదాకా తర్వాతది పంచరు. ఎక్కడైనా ఆల్ ఇన్ అంటే చాలు, మిగతావాళ్ళంతా కుర్చీలు వదిలేసి అక్కడ మూగుతారు. తక్కువ చిప్స్ ఉన్నవాడు ఊపిరి బిగబట్టుకుని ఉంటాడు, ఎక్కువ ఉన్నవాడు ప్రతి చేతికీ రైజ్ చేస్తూ అందరినీ ఏడిపిస్తుంటాడు. మీరు ముందే బస్ట్ అయిపోయినా ఇది చూడటానికి తిరిగి రండి. ఏ క్రికెట్ మ్యాచ్‌కీ తీసిపోదు.

స్నేహితుల మధ్య షేర్లు మార్చుకోవచ్చా?

మార్చుకోవచ్చు, ఐదు శాతం నీది నాకు, నాది నీకు అనుకుంటారు. ఒకరు గెలిచినా గ్రూపంతా సంతోషంగా ఉంటుంది. కాకపోతే ఆట మొదలవ్వకముందే వాట్సాప్‌లో రాసి పెట్టుకోండి. ఎంట్రీ పోను లాభంలోనా, మొత్తం మీదా? ట్యాక్స్ కట్ అయ్యాకనా, ముందా? రీఎంట్రీకి కూడా వర్తిస్తుందా? ఈ మూడూ రాయకపోవడం వల్ల పదేళ్ళ స్నేహాలు పాడవడం చూశాను.

గెలిస్తే ట్యాక్స్?

30 శాతం. ప్రైజు పదివేలు దాటితే చేతికివ్వకముందే టీడీఎస్ పట్టుకుంటారు, పాన్ కార్డు అడుగుతారు. రిటర్నులో సెస్సు కూడా కలిపితే 31.2 శాతం అవుతుంది. మీరు ఏ శ్లాబులో ఉన్నారన్నది లెక్కలోకి రాదు. ఇంకో దెబ్బ ఏంటంటే, ఈ ఆదాయంలోంచి ఖర్చులు తీసేసుకోనివ్వరు. ఐదు టోర్నమెంట్లలో ఓడి ఆరోదాంట్లో గెలిస్తే, ఆ ఆరోదాని మీద పూర్తిగా కట్టాల్సిందే, పోయిన ఐదు ఎంట్రీలూ మీ ఖాతాలోనే. అందుకే ‘పోకర్‌తో సంపాదిస్తా’ అనేవాళ్ళు ముందు వాళ్ళ సీఏతో కూర్చోవాలి.

మా ఆవిడ కూడా వస్తానంటోంది. పిల్లలు?

పిల్లలకి ప్రవేశం లేదు, 21 ఏళ్ళు నిండి ఉండాలి, ఐడీ చూస్తారు. మేడమ్‌ని తప్పకుండా తీసుకురండి. ఆడటానికే రావచ్చు కదా, ప్రేక్షకురాలిగానే ఎందుకు? 2018లో లాస్‌వెగాస్‌లో వరల్డ్ సిరీస్ ఆఫ్ పోకర్‌లో నికితా లూథర్ ట్యాగ్ టీమ్ ఈవెంట్ గెలిచి, అక్కడ విజేతలకిచ్చే బ్రేస్‌లెట్ తెచ్చుకున్నారు, ఆ ఘనత సాధించిన మొదటి భారతీయ మహిళ ఆవిడే.

ఆడకపోతే మాత్రం కాసినోలో కూర్చోబెట్టి ‘అరగంటలో వస్తా’ అనకండి. టోర్నమెంట్‌లో అరగంట అనేది లేదు. పణజిలో ఫౌంటెన్‌హాస్ వీధులు, పాత గోవా చర్చిలు, మంగేశీ గుడి, మీరామార్ బీచ్, ఇవన్నీ దగ్గర్లోనే. ఆడనివాళ్ళంతా కలిసి ఒక బండి మాట్లాడుకుంటే వాళ్ళ వీకెండే మనదానికంటే బాగుంటుంది, వాళ్ళు ఆ మాట దాచుకోరు కూడా.

ఏం వేసుకోవాలి?

మగవాళ్ళు షార్ట్స్, హవాయి చెప్పులతో వస్తే లోపలికి రానివ్వకపోవచ్చు. ప్యాంటు, బూట్లు, ఒక స్వెట్టరో హుడీయో. ఏసీ ఎముకలు కొరుకుతుంది. నల్లద్దాలు మీ ఇష్టం, కానీ ముక్కలు కనపడక ఆటీనుని డైమన్ అనుకున్నాక మమ్మల్ని అనొద్దు.

మందు ఫ్రీ అట కదా?

చాలా ప్యాకేజీల్లో కలిసే ఉంటుంది. మీరు తాగితే లాభపడేది మీ టేబుల్‌లో మంచినీళ్ళు తాగుతున్న కుర్రాడు.

శనివారం సాయంత్రానికే బస్ట్ అయిపోతే?

ఇదే అసలు ప్రశ్న, ఎవరూ అడగరు. చాలామంది బస్ట్ అయ్యేది శనివారమే. ఎనిమిది గంటలకి మీరు హాలు బయట ఉంటారు, ఒంట్లో వేడి తగ్గలేదు, స్నేహితులు ఇంకా లోపల ఆడుతున్నారు, పక్క హాల్లో రూలెట్ చక్రం తిరుగుతోంది. టోర్నమెంట్‌లో పోయింది పదివేలైతే, మిగతాదంతా ఈ రెండు గంటల్లోనే పోతుంది. నా కళ్ళ ముందే ఎంతమందో.

అందుకే మా బ్యాచ్‌లో బస్ట్ అయినవాడు ఓడ మీద ఉండకూడదు. బోటెక్కి ఒడ్డుకి వచ్చేయాలి, వచ్చాక గ్రూపులో మెసేజ్ పెట్టాలి. మొదట బస్ట్ అయినవాడు ఒడ్డున డిన్నర్‌కి చోటు చూస్తాడు, రెండోవాడు వెళ్ళి అక్కడ కలుస్తాడు, అలా ఒక్కొక్కరే చేరతారు. రాత్రి పదకొండు అయ్యేసరికి ఒక పొడవాటి బల్ల నిండుతుంది. లోపల ఇంకా ఆడుతున్నవాడి చిప్ కౌంట్ బ్రేక్‌కోసారి మెసేజ్ వస్తుంది, ఇక్కడ అందరూ వాడి తరఫున సలహాలిస్తుంటారు. నన్నడిగితే వీకెండ్ మొత్తంలో బాగుండేది ఈ భాగమే, ఫైనల్ టేబుల్‌కి వెళ్ళినవాడు దీన్ని మిస్సవుతాడు పాపం.

ఆ బల్ల దగ్గర ఒకటే నియమం. ‘నా ఆసుల్ని వాడు రివర్ మీద (ఆఖర్న తెరిచే ఐదో ముక్క మీద) కొట్టేశాడు’ తరహా కథ చెప్పాలంటే ముందు అందరికీ చాయ్ చెప్పాలి. చాయ్‌లు బాగానే వస్తాయి.

మా ఫ్రెండ్ ఒకడు రమ్మీ యాప్‌లలో బాగా పోగొట్టుకున్నాడు. ఇక్కడికి వస్తే వాడికి మార్పుగా ఉంటుందేమో?

ఉండదు. తీసుకురావద్దు. అప్పులో ఉన్నవాణ్ణి కాసినో దగ్గరికి తేవడం సాయం కాదు. ఇంకెక్కడికైనా తీసుకెళ్ళండి. రాత్రుళ్ళు నిద్రపోవడం లేదు, ఇంట్లో దాస్తున్నాడు అనిపిస్తే మానసిక ఆరోగ్య సహాయ లైను టెలిమానస్ 14416కి ఫోన్ చేయించండి, అది ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మా బ్యాచ్‌లో అక్కడికక్కడ అప్పులివ్వడం, అడగడం రెండూ లేవు. అలిగినా సరే.

సోమవారం పొద్దున్నే ఆఫీసుంది. అందుకోగలనా?

డే టూ ఆదివారం మధ్యాహ్నం మొదలవుతుంది, ఫైనల్ టేబుల్ అర్ధరాత్రి దాటొచ్చు. ఆదివారం రాత్రి ఫ్లైట్ బుక్ చేసుకుంటే, అదృష్టం బాగుండి మీరు ఇంకా ఆడుతుంటే, తొమ్మిదో స్థానంలో ఉండి గడియారం చూసుకుంటూ పిచ్చి ఆల్ ఇన్లు వేస్తారు. సోమవారం పొద్దుటి ఫ్లైట్ తీసుకోండి, ఆ పూట లీవు పెట్టేయండి. కారణం దగ్గర ‘వ్యక్తిగత పని’ అని రాస్తే చాలు. మేనేజర్ కూడా మనతోనే వస్తున్నాడనుకోండి, ఇద్దరూ ఒకేరోజు అదే రాయకండి.